నాలుగో ముడి

నా చిన్నప్పుడు ఎవరైనా నవ్వుతూ మా ఇంటికొచ్చి కూర్చుంటే, మా అవ్వ ముందు దొడ్లోకి పోయి గొర్రెలు లెక్కపెట్టుకునేది. లెక్క సరిపోయాకే వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చేది. నేను ఆమె చేతుల్లో పెరిగాను కాబట్టి నాకూ ఆ గుణమే వచ్చింది. డెబ్బై దాటినా పోలేదు. మనుషులను నమ్మాలని చెప్పే పెద్దలు చాలామంది ఉన్నారు, ఆ సంగతి వాళ్లు రాసుకోనీ. నేను రాసేది అనుమానం గురించి. అది మా ఇంటిని నిలబెట్టిందీ, నన్ను తప్పుదారి పట్టించిందీ ఒక్క రోజే. నాకు అక్షరాలు నలభై రెండేళ్ల వయసులో వచ్చాయి. రాత కొంచెం వంకరగా ఉంటే చదివేవాళ్లే సర్దుకోవాలి.

మాది మర్రిగూడకు ఆవల ఉన్న మెట్ట ఊరు. గొర్ల కాపరుల ఇళ్లు పన్నెండు. ఊరికి తూర్పున గుట్ట కింద బంచరాయి ఉండేది. బంచరాయి అంటే ఎవరి పట్టాలోనూ లేని, ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి జాగా. ఎండలు ముదరగానే మగవాళ్లు మందలను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్లు. వానలు పడ్డాక తిరిగొచ్చిన మందకు ఆ బంచరాయే దిక్కు. అది పోయిందంటే గొర్రెలమ్ముకుని కూలికి పోవాల్సిందే. ఆ జాగా మీద మా ఊరి పటేలుకు కన్నుందని పిల్లలకు కూడా తెలుసు. ఆయన పొలంలోకి కలిసిపోయేట్టుగా ఉండేది మరి.

మందలు వలస పోయే పొద్దు ఎట్లా ఉండేదో చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. పన్నెండిళ్ల మందలూ ముళ్లకంప సందులోంచి ఒకదాని వెనక ఒకటి బయటికి దూకేవి. ఆ దుమ్ములో గొర్రె కనపడదు, మనిషి కనపడడు. కానీ ఒక్కో మంద ముందు ఒక పొట్టేలు ఉంటుంది, దాని మెడలో గంట ఉంటుంది. మా అవ్వ సందు పక్కన నిలబడి, గంట వినపడినప్పుడల్లా తన గొంగడి అంచు కుచ్చులో ఒక ముడి వేసేది. దుమ్ము అణిగాక ముడులు తడుముకునేది. పన్నెండు ఉంటే అందరూ దాటినట్టు, పదకొండే ఉంటే ఎవరి మందో వెనకబడినట్టు. మా తాత పోయాక కాపరుల ఇళ్లన్నీ ఆమె మాటనే వినడానికి ఈ లెక్క కూడా ఒక కారణం.

ఆ ఏడు మగవాళ్లు పోయాక ఊళ్లో ముసలివాళ్లం, ఆడవాళ్లం, పిల్లలం మిగిలాం. వెళ్లేముందు మా నాయిన, మిగతావాళ్లూ కలిసి మూడు మాటలు అవ్వకు ఒప్పజెప్పి పోయారు. గొర్రెలు తాగే బావి పూడిపోయింది, పూడిక తీయించాలి. మందకు రోగం తగిలింది, తిరిగొచ్చేసరికి సూదులేసే డాక్టరు రావాలి. దొడ్డి కంపకు గుట్ట మీద తుమ్మకొమ్మలు కొట్టుకోనివ్వాలి. ఈ మూడూ దరఖాస్తు రాయించి తాలూకా కచేరీలో ఇవ్వాలి.

కచేరీ బయట వసారాలో దరఖాస్తులు రాసే పెద్దమనిషి ఒకాయన కూర్చునేవాడు. ముందు గోనెపట్టా, దాని మీద చెక్కపెట్టె. అందరూ ఆయన్ను దరఖాస్తు సారు అనేవాళ్లు. నిజాం రోజుల్లో ఉర్దూలో రాసేవాడట. ఆ రోజులు పోయాక, కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారుతుంటే, తల నెరిశాక ఇంగ్లీషు నేర్చుకున్నాడట. అవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు ఉండొచ్చు.

అవ్వ మొదటి మాట ఇంకా నోట్లోనే ఉంది, ఆయన కలం అప్పటికే సగం గీత గీసేసింది. అవ్వకు అనుమానం వచ్చింది.

“ఏందయ్యా, నేను బాయి అననే లేదు, నువ్వు గంత పొడుగు ఏం రాసినవ్?”

ఆయన నవ్వాడు. నవ్వగానే నేను ఆయన్ను దొంగల లెక్కలో వేసుకున్నాను.

“గది షురువు అవ్వా. దొరలకు చక్కగ బాయి అని రాస్తె మర్యాద గాదు. ముందుగల ‘విత్ రిఫరెన్స్ టు’ అని రాయాలె. ఫలానా దాని గురించి చెప్తున్న, జర ఇను అన్నట్టు. రోగం ముచ్చటకు ‘యాజ్ రిగార్డ్స్’ అని వెడ్త. కొమ్మల ముచ్చటకు ‘ఇన్ కనెక్షన్ విత్’ అని వెడ్త.”

“మూడిటికి ఒక్కటే వెట్టరాదా?”

“ఒకపారి వాడింది మళ్ల వాడొద్దు. కచేరిల నవ్వుతరు, గీనెకు ఇంగ్లీషు రాదంటరు.”

అవ్వ గొంగడి కుచ్చు తడుముకుంది. “అంటె పొట్టేలు మెడల గంట లెక్క. గది మోగితె ఎనక కొత్త మంద ఒస్తున్నట్టు.”

ఆయన కలం ఆపి అవ్వ మొహంలోకి చూశాడు. “గంటనే అవ్వా,” అన్నాడు. తర్వాత ఎందుకో నన్ను పిలిచి ఆ మూడు మాటలూ నా చేత పలికించాడు. నాకు అర్థం తెలియదు, చప్పుడు తెలుసు. ఇంటికి పోయే దారంతా వాటిని పాటలా పాడుకుంటూ నడిచాను. అవ్వ కూడా లోలోపల అనుకుంటూనే నడిచింది, పెదవులు కదలడం నేను చూశాను.

సాఫు కాగితం రాసి పెడతాను, వారం తర్వాత ఇంటికొకరు చొప్పున వచ్చి వేలిముద్రలు వేయండి అన్నాడు ఆయన. ఆ వారం మధ్యలో పటేలు మా వాకిట్లోకి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. ఎండలో ముసలోళ్లు నడిచేం పోతరు, మా బండి తీస్కపోన్రి, మా మనిషి ఎంబడొస్తడు, అన్నాడు. అవ్వ లేచి దొడ్లోకి పోయింది. మందలన్నీ వలస పోయాయి కనుక దొడ్లో ఉన్నది ఒక కుంటి గొర్రె, రెండు మేకపిల్లలు, చూడి ఆవు. అయినా లెక్కపెట్టి వచ్చింది. వచ్చి, “మంచిదయ్యా,” అంది.

పటేలు పోయాక నేనడిగాను, ఆయన బండి మనకెందుకని. “బండి ఎందుకిస్తుండో బండెక్కితెనే ఎరుకైతది,” అంది.

ఆ రోజు పటేలు మనిషి ఎంత మర్యాద చేశాడో! ముసలివాళ్లను చేయి పట్టి బండి ఎక్కించాడు. కచేరీ దగ్గర దింపాక అందరికీ చాయ్ తాగించాడు. జన్మలో మొదటిసారి చాయ్ తాగిన ముసలాయన ఒకడు, ఇంత మంచోన్ని ఇన్నొద్దులు తిట్టుకున్నం గదా అని బాధపడ్డాడు. అవ్వ తన చాయ్ నాకిచ్చింది. నేను మాత్రం తాగేశాను, తీపి మీద నాకు అనుమానం లేదు.

దరఖాస్తు సారు ఆ రోజు నవ్వలేదు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు. పటేలు మనిషి ఆయన పెట్టె పక్కనే చతికిలబడి, సిరా డబ్బా మూత తీసి సిద్ధంగా పెట్టాడు. సారు కాగితం పట్టుకుని అందులో ఏముందో తెలుగులో చెప్పాడు. బావి, రోగం, కొమ్మలు. మూడూ ఉన్నాయి. ముసలివాళ్లు వేళ్లు చాపారు. మొదటి ముద్ర అవ్వదే పడాలి.

“అయ్యా, గదే ముచ్చట ఇంగ్లీషుల సదువు,” అంది అవ్వ.

పటేలు మనిషి విరగబడి నవ్వాడు. “ఇంగ్లీషుల ఇని ఏం జేస్తవే ముసల్దానా? నువ్వేమన్న కలెక్టరువా?”

“కలెక్టరు ఇంగ్లీషులనే ఇంటడు గద బిడ్డా. ఆయిన ఏమింటడో మేం గూడ ఇంటం.”

“నీకేం సమజైతది?”

“సమజ్ గాకుంటె నీకేం నష్టం?”

మిగతావాళ్లూ నవ్వారు. సారు కళ్లద్దాలు తీశాడు. పంచె అంచుతో తుడిచాడు. అవి మురికిగా లేవు, నాకు బాగా గుర్తు. తుడిచి, పెట్టుకుని, అవ్వ భుజం మీది గొంగడిని ఒకసారి చూసి చదవడం మొదలుపెట్టాడు.

‘విత్ రిఫరెన్స్ టు’ అన్నాడు. గొంగడి కింద అవ్వ వేళ్లు కదిలాయి. నేను పక్కనే ఆనుకుని కూర్చున్నాను, ముడి బిగుసుకోవడం నా మోచేతికి తెలిసింది. తర్వాత ఏదో గొణుగుడు, మాకు తెలియని మాటల దుమ్ము. ‘యాజ్ రిగార్డ్స్’. రెండో ముడి. మళ్లీ దుమ్ము. ‘ఇన్ కనెక్షన్ విత్’. మూడు. అయిపోయిందనుకుని నేను ఊపిరి వదిలాను. ఆయన ఆగాడు. ఎవరో పిలిచినట్టు తల ఎత్తాడు. ఎత్తి, ముందటి మాటలకంటే గట్టిగా, విడివిడిగా ‘యాజ్ రిగార్డ్స్’ అని మళ్లీ అన్నాడు.

నా నోరు ఆగలేదు. “నాలుగు!” అని అరిచాను. అవ్వ నా తొడ గిచ్చింది. ఆయన చివరిదాకా చదివేవరకు కదలకుండా కూర్చుని, అప్పుడు గొంగడి అంచు బయటికి తీసి ఆయన ముందు పరిచింది.

“అయ్యా, మేం జెప్పినయి మూడు. గంటలు నాలుగు మోగినయి. నాలుగో మంద ఎవలది?”

పటేలు మనిషికి ఏమీ అర్థం కాలేదు. గంటలేంది, మందలేంది, పిచ్చి లేసిందా అంటున్నాడు. సారు కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎవరిదో ఉత్తరం ఎవరికో చదివి వినిపిస్తున్నట్టు మాట్లాడాడు.

“నాలుగోది తూర్పు గుట్ట కింది బంచరాయి గురించి. గా జాగ మీద మాకు హక్కు లేదు, పటేలు దున్నుకుంటె మేం అడ్డం రాము అని ఉన్నది.”

చాయ్ తాగి బాధపడ్డ ముసలాయన చాపిన వేలును చంకలో దాచుకున్నాడు. కృష్ణ ఒడ్డున ఉన్న మా నాయిన వానలకు తిరిగొచ్చేసరికి ఆ వేలిముద్రలతో మా బతుకు దున్నేసి ఉండేవాళ్లు. మంద తెచ్చి ఎక్కడ నిలబెట్టేవాడు? ఆ మాట నాకు తొమ్మిదేళ్లకే అర్థమైంది.

పటేలు మనిషి లేచి సారును నోటికొచ్చినట్టు తిట్టాడు. సారు ఒక్క మాటే అన్నాడు. “నన్నెందుకంటవ్? రాయమన్నది రాసిన, సదువుమన్నది సదివిన. ముసలామె లెక్కవెట్టె. లెక్క నేను నేర్పిన్నా?”

నిజానికి ఆయనే నేర్పాడు. వారం కిందట, అదే వసారాలో. కానీ ఆ క్షణాన నాకు ఆ ఆలోచన రాలేదు. లేచి నిలబడి, “దొంగోడు! దరఖాస్తు సారు దొంగోడు!” అని గొంతు చించుకుని అరిచాను. వసారాలో ఉన్న జనమంతా తిరిగి చూశారు. ఆయన చూడలేదు. పాత కాగితాన్ని మడిచి పెట్టె కింద పెట్టి, కొత్త కాగితం తీసి మూడు ముచ్చట్లు రాశాడు. అవ్వ మళ్లీ ఇంగ్లీషులో చదివించింది, మళ్లీ ముడులతో సరిచూసింది. మూడే. అప్పుడు ముద్రలు పడ్డాయి.

బండి మమ్మల్ని వదిలేసి పోయింది. మూడు కోసులు నడిచాం. ముసలివాళ్లు దారి పొడవునా సారును తిట్టారు, అందరికంటే ఎక్కువ నేను తిట్టాను. అవ్వ ఒక్క తిట్టు కూడా కలపలేదు. ఊరు దగ్గరపడ్డాక నా నెత్తి మీద చెయ్యి వేసి, “లెక్క నేర్సినవు పిల్లా. మనిషిని సూసుడు ఇంక నేర్వలె,” అంది. మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు.

తర్వాత కొన్నాళ్లకు మా ఆవు ఈనింది. అవ్వ జున్ను వండి, చిన్న ముంతలో పెట్టి గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. మా చిన్నమ్మ తాలూకా అంగడికి పోతోంది, ఆమె వెంట పోయి ఇది దరఖాస్తు సారుకు ఇచ్చి రా అంది. ఎందుకని అడిగితే, “ఇయ్యి,” అంది, అంతే. అంగడి గుంపులోంచి తప్పించుకుని వసారా దాకా పోయాను. ఆయన ఎవరికో రాస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. ఏదో అనబోయాడు కూడా. నేను మొహం తిప్పుకుని, కచేరీ గోడ వెనక కూర్చుని, ఆ జున్ను సగం తిన్నాను. సగం అక్కడున్న కుక్కకు పెట్టాను. దొంగకు జున్నేంది అనుకున్నాను. ఇంటికొచ్చి, ఇచ్చాను అన్నాను. “ఏమన్నడు?” అని అవ్వ అడిగింది. “మంచిగుందన్నడు,” అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది.

ఆ వానాకాలం తర్వాత వసారాలో ఆయన కూర్చునే జాగా ఖాళీగా కనపడింది. పాలమూరులో బిడ్డ దగ్గరికి పోయాడని ఒకరన్నారు. పటేలు అక్కడ కూర్చోనివ్వలేదని ఇంకొకరన్నారు. ఏది నిజమో నాకు తెలియదు. నేను అడగలేదు.

అవ్వ బతికి ఉన్నంతకాలం ఈ సంగతి ఎప్పుడూ విప్పి చెప్పలేదు. అప్పట్లో చెబితే నా నోట్లో నానేది కాదు. ఊళ్లో ఆడపిల్ల నోటి మాట పటేలు చెవికి పోవడానికి ఒక పూట చాలు. అది ఆమెకు తెలుసు. తర్వాత, నేను పెద్దదాన్ని అయ్యాక ఎందుకు చెప్పలేదో తెలియదు. నేనే చూసుకోవాలనుకుందేమో.

చూసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఊళ్లో పెద్దవాళ్ల బడి పెట్టినప్పుడు తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు రాలేదు, ఇప్పటికీ రాదు. కిందటేడు మా మనుమరాలు అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పాఠం పైకి చదువుతోంది. విత్ రిఫరెన్స్ టు, యాజ్ రిగార్డ్స్, ఇన్ కనెక్షన్ విత్. నేను చేటలో కందులు చెరుగుతున్నాను. చేయి ఆగిపోయింది. అవే గంటలు. “అవి దేనికే?” అని అడిగాను. కొత్త ముచ్చట మొదలుపెట్టడానికట. “ఒక ఉత్తరంల ఒకటే మాట రెండుసార్లు వాడొద్దు నానమ్మా, మా టీచర్ కొట్టేస్తది,” అంది.

కందులు పక్కనపెట్టి కూర్చుండిపోయాను. ఒకపారి వాడింది మళ్ల వాడొద్దు అని ఆయన కూడా అన్నాడు, మొదటి రోజే. అట్లాంటివాడు అదే గంట రెండోసారి ఎందుకు మోగించాడు? నాకు వచ్చిన చప్పుళ్లు మూడే, నాలుగో చప్పుడు కొత్తదైతే నాకు తెలియకుండా దాటిపోయేదని కాదా? అసలు నాలుగోదానికి గంటే కట్టకుండా కొమ్మల ముచ్చటలో కలిపేసి ఉండొచ్చు. అవ్వ ఇంగ్లీషులో చదవమన్నప్పుడు ఆ నాలుగు వరుసలు మింగేసి ఉండొచ్చు. వినేవాళ్లలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు, పటేలు మనిషికి కూడా రాదు. ఆయన మింగలేదు. తల ఎత్తి, గట్టిగా చదివాడు. పక్కన పటేలు మనిషిని పెట్టుకుని మాకు ఆయన చెప్పగలిగిన దారి అదొక్కటే.

లేదా, భయంలో ఇంకో మాట గుర్తురాక అదే వాడాడేమో. చదవమన్నారు కదా అని ఉన్నదంతా చదివాడేమో. నా అనుమానం ఈ మాట కూడా అంటుంది, దాని నోరు నేను మూయలేను. కానీ మా అవ్వ ఊరికే జున్ను పంపే మనిషి కాదు.

అవ్వ గొంగడి నా దగ్గరే ఉంది. చిమ్మటలు తినగా మిగిలింది. బావి పూడిక తీసిన రోజు ఆమె మొదటి ముడి విప్పింది. కొమ్మలకు అనుమతి వచ్చినప్పుడు మూడోది విప్పింది. డాక్టరు రాలేదు, రెండోది అట్లాగే ఉంది. నాలుగోది కూడా అట్లాగే ఉంది. దాన్ని ఆమె ఎందుకు విప్పలేదో ఒకప్పుడు నాకు తెలుసనుకునేదాన్ని, పటేలు మీద కోపం అనుకునేదాన్ని. ఇప్పుడు అది ఆయన కోసం ఉంచిందేమో అనిపిస్తుంది.

ఇప్పటికీ ఎవరైనా సంతకం పెట్టమని కాగితం తెస్తే పైకి చదవమంటాను. ‘ఇక ఫలానా విషయానికొస్తే’ అన్నప్పుడల్లా చీర కొంగులో ముడి వేస్తాను. నా కొడుకు విసుక్కుంటాడు, బ్యాంకులో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. లెక్క నేను మానను. లెక్క అయ్యాక మాత్రం ఆ రోజు వసారాలో చేయని పని ఒకటి చేస్తాను. తల ఎత్తి, చదివిన మనిషి మొహం చూస్తాను. కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడా అని.